గోతం ఖర్చు ఎవరిది? తరుగు ఎవరికి?

(కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల రైతుల అవగాహన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాల గురించి, ఎరువుల గురించి, మద్దతు ధర గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఈ రోజు అంతకంటే చిన్నదిగా కనిపించే విషయం మాట్లాడుకుందాం. అది గోతం. పంట చేలో నుంచి కల్లానికి, కల్లం నుంచి ఇంటికి, ఇంటి నుంచి మార్కెట్‌కు గోతంలోనే పోతుంది. గోతం చినిగితే గింజ రాలుతుంది. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. గోతం పేరు చెప్పి తూకంలో కోత పెడితే మన కష్టంలో కొంత పైసా ఇవ్వకుండా ఇంకొకరి చేతికి పోతుంది. అయినా సాగు ఖర్చులు రాసేటప్పుడు దుక్కి, విత్తనం, మందు, కూలి అన్నీ రాసి, గోతాల ఖర్చు మాత్రం చాలామందిమి రాయం. కూలికి పోయి పత్తి తీసే, వేపకాయలు ఏరే అక్కచెల్లెళ్ల సంచి సంగతైతే ఏ లెక్కలోనూ ఉండదు.

అందుకే మూడు ప్రశ్నలు పెట్టుకుందాం. ఏ పనికి ఏ గోతం నిలుస్తుంది? దాని ఖర్చు ఎవరు భరించాలి? దాని పేరుతో పోతున్న తరుగును ఎలా ఆపాలి?

గోనె ఎక్కడి నుంచి వస్తున్నది?

గోనె మనకు కొత్త వస్తువు కాదు. ఇంగ్లీషు వాళ్లు ‘గన్నీ’ అనే మాట కూడా మన ‘గోనె’, ‘గోణి’ నుంచి పోయిందే. రైలు, లారీ రాకముందు ఉప్పు, ధాన్యం ఎద్దుల వీపుల మీద పెరికల్లో నడిచేవి. పెరిక అంటే ఎద్దుకు రెండు పక్కలా వేలాడే గోనె. వాటిని నేసి, వాటితో సరుకు మోసి బతికిన కులాలు తెలుగు నేల మీద ఉన్నాయి. అప్పట్లో ఆ గోనెలు జనుము నారతో ఇక్కడే తయారయ్యేవి. జొన్నలను పాతరల్లో, గాదెల్లో పోసుకునేవాళ్లం కాబట్టి నిల్వకు గోనెల అవసరం ఇంత ఉండేది కాదు. పంట అమ్మకం కోసమే అయినప్పటి నుంచి గోతం లేనిదే గడవని పరిస్థితి వచ్చింది.

1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి జనపనార మిల్లు పెట్టారు. అప్పటి నుంచి గోనె తయారీ హుగ్లీ ఒడ్డుకు చేరింది. 1947లో దేశ విభజనతో మిల్లులు మన వైపు, జనపనార పండే భూముల్లో ఎక్కువ భాగం అటు వైపు పోయాయి. తరువాత మన బెంగాల్, అస్సాం, బీహారు రైతులు సాగు పెంచారు. మన రాష్ట్రంలోనూ విజయనగరం, శ్రీకాకుళం రైతులు గోగు నార పండించారు. వ్యాపారంలో దానికి భీమిలి పేరే పడింది. గోగు అంటే మనం పుల్లగూరగా వండుకునే గోంగూరకు దగ్గరి చుట్టమే. భీమిలి దగ్గరి చిట్టివలస మిల్లు మూతపడింది. గోగు సాగు కూడా బాగా తగ్గింది. అందువల్ల రాయలసీమకు వచ్చే కొత్త గోనెల్లో చాలా వరకు బెంగాల్ మీదే ఆధారపడాలి.

ఈ సంగతి ఎందుకంటే, అక్కడ మిల్లు ఆగితే ఇక్కడ మన కల్లం ఆగుతుంది. 2020లో కరోనా లాక్‌డౌన్‌తో మిల్లులు మూతపడినప్పుడు ధాన్యం సేకరణకు ప్లాస్టిక్ సంచులు వాడడానికి కేంద్రమే అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. 2021 సెప్టెంబరులో ముడి జనపనార ధర క్వింటాలు 6,500 రూపాయలు దాటరాదని పరిమితి పెట్టి, 2022 మేలో ఎత్తేశారు. ఆ ఎత్తుపల్లాల ప్రభావం గోనె దొరకడం మీద, ధర మీద పడుతుంది.

ఇంకొక్క మాట. 2025–26 సీజన్‌కు ముడి జనపనారకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. 2025–26 రబీ మార్కెటింగ్ సీజన్‌కు శనగకు ప్రకటించిన మద్దతు ధర కూడా 5,650 రూపాయలే. అక్కడ మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార తీసే రైతు, ఇక్కడ నల్లరేగడిలో మంచు పదునుతో శనగ పండించే రైతు ఇద్దరిదీ ఒకటే అవస్థ. గోనె ధర గురించి మనం అడిగేది ఆ రైతు కడుపు కొట్టమని కాదు.

చట్టం ఎవరికి వర్తిస్తున్నది?

1987లో జనపనార ప్యాకింగు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఒక చట్టం తెచ్చింది. దాని కింద ఆహార ధాన్యాలను నూరు శాతం, చక్కెరను ఇరవై శాతం జనపనార సంచుల్లోనే నింపాలని ఏటా నిర్ణయిస్తున్నారు. దానివల్ల మిల్లుల ఉత్పత్తిలో పెద్ద భాగం ప్రభుత్వ సేకరణకే పోతుంది. మన పత్తి, ఉల్లి, మిరప, పసుపు, వేరుశనగ ఈ లెక్కలో లేవు. వీటికి గోతం వెతుక్కోవడం రైతు నెత్తినే పడుతుంది. కొత్త గోనె దొరకదు. దొరికినా ధర అందదు. మిల్లుల్లో, దుకాణాల్లో ఒకసారి వాడి అమ్మిన పాత గోతాలో, ఖాళీ ఎరువు సంచులో మనకు మిగులుతాయి.

ఏ పంటకు ఏ గోతం?

ఒకే రకం సంచి అన్నిటికీ పనికిరాదు. ఇక్కడే చాలా నష్టం జరుగుతున్నది.

మొదట పత్తి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి తీసే అక్కచెల్లెళ్లు నడుముకు కట్టుకునేది చాలా చోట్ల చీల్చిన యూరియా సంచే. ఆ సంచి ఎండకు పెళుసెక్కి పోగులు రాలుస్తుంది. ఆ పోగు పత్తిలో కలిస్తే జిన్నింగులో పోదు, వడకడంలో పోదు. బట్టకు రంగు వేసినప్పుడు రంగు పట్టక తెల్ల మచ్చగా బయటపడుతుంది. 2000లో మొదలుపెట్టిన పత్తి సాంకేతిక మిషన్ దృష్టి పెట్టిన సమస్యల్లో ఈ కల్తీ ఒకటి. గోనె పోగు కూడా పత్తికి చెడుపే. అందుకే పత్తి తీతకు నూలు బట్ట సంచి ఒక్కటే సరైనది. పాత నూలు చీర, నూలు పంచె కుట్టించుకున్నా సరిపోతుంది. పాలిస్టర్ చీర వద్దు. అది కూడా ప్లాస్టిక్ పోగే. తల వెంట్రుకలు పడకుండా నూలు గుడ్డ చుట్టుకోవాలి. బోరేలకు ఎక్కించేటప్పుడు కింద ప్లాస్టిక్ పట్టా బదులు నూలు పట్టా పరచాలి. సీసీఐ కొనేటప్పుడు తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 శాతం దాకా కోతతో ధర, అది దాటితే వెనక్కి పంపడం అని మనకు తెలుసు. గాలి ఆడని సంచిలో మంచుతో తీసిన పత్తి కుక్కితే ఆ తేమ ఎక్కడికీ పోదు.

రెండోది ఉల్లి. కర్నూలు మార్కెట్ రాష్ట్రంలోనే పెద్ద ఉల్లి మార్కెట్. 2025 ఖరీఫ్‌లో ధర పడిపోయి ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. అలాంటప్పుడు యార్డులో వంతు కోసం రోజులు వేచి ఉండాలి. వానాకాలపు గడ్డలో చెమ్మ ఎక్కువ. గట్టి ప్లాస్టిక్ గోతంలో రెండు రోజులుంటే వేడెక్కి, చెమ్మ కారి, అడుగు గడ్డ కుళ్లుతుంది. ఉల్లికి వల సంచి గానీ, పలచగా నేసిన గోనె గానీ కావాలి. మైదుకూరు వైపు పండే కేపీ ఉల్లికీ ఇదే మాట. వల సంచి కొనేటప్పుడు ముడి దగ్గర వేలు పెట్టి లాగి చూడండి. పోగు జారి కన్ను పెద్దదైతే ఆ సంచి లారీ ఎక్కించేలోపే విచ్చుకుంటుంది.

మూడోది వేరుశనగ. బుడ్డలు బాగా ఆరకుండా ప్లాస్టిక్‌లో కడితే బూజు పడుతుంది. ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది నూనె చెక్క ద్వారా పశువులకు, పాల ద్వారా పిల్లలకు చేరుతుంది. కాయను ఊపితే గింజ గలగలమనాలి. తేమ 8 శాతానికి దిగాలి. అప్పుడు గోనెలో నింపి, నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చాలి. వచ్చే ఏటి విత్తనానికి ఉంచుకునే కాయకు ఇది మరీ ముఖ్యం.

నాలుగోది శనగ, కంది. వీటికి పుచ్చు పురుగే ప్రధాన శత్రువు. అది గోనె కన్నుల్లో నుంచి సులభంగా దూరుతుంది. పాత గోతం అంచు కుట్లలో గుడ్లు, పురుగులు దాక్కుని కొత్త గింజకు పాకుతాయి. పాత గోతాలను తిరగేసి దులిపి, మరుగు నీళ్లలో ముంచి, మండుటెండలో రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. ఐదు శాతం వేపగింజల కషాయంలో ముంచి ఆరబెట్టినా మేలు. నెలల తరబడి నిల్వ చేయాలంటే గాలి చొరబడని మూడు పొరల సంచులు ఉన్నాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసంద రైతుల కోసం రూపొందించిన పద్ధతి అది. లోపల రెండు పాలిథిన్ పొరలు, బయట నేసిన సంచి. మూతి బిగించి కడితే లోపల ప్రాణవాయువు అయిపోయి పురుగు మందు లేకుండానే చస్తుంది. అయితే గింజ బాగా ఎండి ఉండాలి. లోపలి పొరకు సూది బెజ్జం పడినా ఫలితం ఉండదు.

మిరపకు, పసుపుకు గోనె టిక్కీలే మంచివి. కాయ ఊపిరాడాలి, రంగు నిలవాలి.

ఇక చేలలో, వంకల వెంట, అడవి అంచుల్లో ఏరుకునే పని. జూన్, జులై నెలల్లో మన ఊళ్లలో వేపకాయలు ఏరి అమ్మేది ఎక్కువగా భూమి లేని ఆడవాళ్లు. 2015 నుంచి యూరియాకు నూరు శాతం వేపనూనె పూత తప్పనిసరి చేశారు. అంటే వాళ్లు ఏరిన గింజకు దేశమంతటా అవసరం ఉంది. ఆ గింజ ఏరేది ఏ సంచిలో? ఆ యూరియా ఖాళీ సంచిలోనే. పచ్చి కాయను ఆ సంచిలో రాత్రంతా ఉంచితే ఉడికి బూజు పడుతుంది, ధర పడిపోతుంది. నల్లమలలో అటవీ ఫలసాయం సేకరించే చెంచులకూ, కోసిన చేలో పరిగె ఏరుకునే కూలీలకూ ఇదే సమస్య. ఏరే పనికి చిన్న సంచి, తేలిక సంచి కావాలి. అడుగున రెండు పొరల గుడ్డ, భుజానికి వెడల్పు పట్టీ, సర్కారు తుమ్మ ముల్లు దిగని మందం ఉండాలి. మందపాటి కాన్వాసు గుడ్డతో ఊరి దర్జీ కుట్టే సంచి ఇందుకు బాగా సరిపోతుంది. ఏరినది ఇంటికి తెచ్చి, గుజ్జు తీసి, నీడలో ఆరబెట్టి, అప్పుడు గోనెలోకి మార్చాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

గోనె విషయంలో మొదట తూచి చూడండి. ప్రభుత్వ సేకరణకు వాడే 50 కిలోల కొత్త గోనె ప్రమాణం 94 సెంటీమీటర్ల పొడవు, 57 సెంటీమీటర్ల వెడల్పు, బరువు 580 గ్రాములు. అవి 500 సంచుల బేళ్లుగా వస్తాయి. మీరు కొనే గోనె అంతకంటే బాగా తక్కువ తూగితే నేత పలచన. ఎక్కువ తూగితే సంతోషించకండి, ముందు చేత్తో పట్టి చెమ్మ చూడండి. జనపనార తేమను బాగా పీలుస్తుంది. తడిసిన గోనె బరువుగా ఉంటుంది, లోపల మురుగుతుంది. తరువాత ఎండకు ఎత్తి పట్టి చూడండి. కన్నులు సమానంగా ఉండాలి. అడుగు అంచు, పక్క కుట్టు రెండు చేతులతో గుంజి చూడండి. గోతం ఎప్పుడూ కుట్టు దగ్గరే పోతుంది, నడుమ కాదు. పాత గోనె అయితే ముందు ఏం నింపారో అడగండి, వాసన చూడండి. పురుగుమందు, మందు పట్టించిన విత్తనం నింపిన సంచిలో తిండి గింజ పోయకూడదు. కడిగినా పోయకూడదు.

ప్లాస్టిక్ గోతం విషయంలో ఎండే పరీక్ష. మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండను తట్టుకునే రసాయనం కలపని ప్లాస్టిక్ ఒక్క వేసవిలోనే పొడిపొడి అవుతుంది. దుకాణంలో అది కంటికి కనపడదు. అందుకే వందలు కొనేముందు ఒకటి తెచ్చి మిద్దె మీద నెల రోజులు ఎండకు పెట్టండి. తరువాత నలిపి చూడండి. చేతికి తెల్ల పొడి అంటినా, చింపితే కాగితంలా చినిగినా అది మన పనికి రాదు. మంచిదానికి పట్టీలు దగ్గరగా, సమంగా నేసి ఉంటాయి. మూతి మడిచి కుట్టి ఉంటుంది, ఊరికే కాల్చి వదిలేయరు. అడుగు రెండు మడతలు వేసి రెండు వరసలు కుట్టి ఉంటుంది. వాడిన వెంటనే నీడకు చేర్చితే ఆయుష్షు పెరుగుతుంది.

హమాలీ కొక్కెం పడినప్పుడు తేడా ఇంకా తెలుస్తుంది. గోనెకు కొక్కెం బెజ్జం పడితే పోగులు మళ్లీ దగ్గరికి వస్తాయి. దబ్బనం, పురికొసతో రెండు కుట్లు వేస్తే ఇంకో ఏడాది నడుస్తుంది. ప్లాస్టిక్‌కు బెజ్జం పడితే చీలిక అడుగు దాకా పోతుంది. ప్లాస్టిక్ గోతాలు నున్నగా ఉండి నెట్టు జారుతుంది కూడా. ఎత్తుగా పేర్చిన నెట్టు జారితే కింద ఉన్న మనిషికి ప్రమాదం.

ధర కూడా ఒక్కసారికి కాదు, ఎన్నిసార్లు వాడతామో దానితో లెక్కేయాలి. లెక్క చూపడానికి అనుకుందాం: గోనె 60 రూపాయలు, ఆరుసార్లు వాడాం. ఒక్కో వాడకం పది రూపాయలు. ప్లాస్టిక్ 18 రూపాయలు, రెండుసార్లకే చినిగింది. ఒక్కో వాడకం తొమ్మిది రూపాయలు. పైకి మూడింతల తేడా ఉన్నట్టు కనిపించినది చివరికి ఒక్క రూపాయి తేడా. చినిగిన గోనె పశువుల కొట్టంలో పరుపుగా పనికొచ్చి చివరికి ఎరువులో కలుస్తుంది. చినిగిన ప్లాస్టిక్ పోగులు చేలో గుంటక పళ్లకు చుట్టుకుంటాయి, మేతతో పాటు గొడ్డు కడుపులోకి పోతాయి.

తరుగు లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గోతం బరువు తీసేయడం న్యాయమే, మనం కాదనడం లేదు. ఎంత తీస్తున్నారన్నదే గొడవ. చాలా చోట్ల గోతం ఏదైనా సరే కిలో కోత అంటారు. కొన్ని చోట్ల మట్టి పేరు, చెమ్మ పేరు చెప్పి ఇంకా ఎక్కువ.

ఒక రైతు నూరు గోతాల శనగ అమ్మాడనుకుందాం. కిలో చొప్పున కోత పెడితే నూరు కిలోలు, అంటే ఒక క్వింటాలు. గోనె నిజమైన బరువు 580 గ్రాములు, నూరింటికి 58 కిలోలు. అదనంగా పోయింది 42 కిలోలు. క్వింటాలు 5,650 లెక్కన 2,373 రూపాయలు. అదే ప్లాస్టిక్ గోతాలైతే? ఒక్కోటి సుమారు 120 గ్రాములు తూగుతుంది, నూరింటికి 12 కిలోలు. అదనంగా పోయింది 88 కిలోలు. 4,972 రూపాయలు. గోతం కొన్నది రైతు. గోతంతో సహా సరుకు పోయింది. ఖాళీ గోతం తిరిగి రాలేదు. పైగా లేని బరువుకు ఐదు వేలు చెల్లించాడు. కౌలు రైతుకు ఆ ఐదు వేలు ఒక ఎకరం దుక్కి, విత్తనం ఖర్చులో పెద్ద ముక్క.

వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టం 1966 నుంచి ఉంది. మార్కెట్ కమిటీలు ఉన్నాయి. రైతు కమిటీలను అడగాల్సింది ఈ ఒక్క మాట: ‘మా ముందే పది ఖాళీ గోతాలు కాటా మీద పెట్టండి. వచ్చిన సగటు తీసేయండి. అంతకు మించి ఒక్క గ్రాము తీయొద్దు.’ ఇది ఐదు నిమిషాల పని. మన సంఘం సభ్యులు యార్డుకు పోయినప్పుడు ఒక్కరు కాకుండా నలుగురు కలిసి ఈ మాట అడగాలి. తక్‌పట్టీలో స్థూల బరువు, గోతాల సంఖ్య, గోతం బరువు, నికర బరువు విడివిడిగా రాయించుకోవాలి. తక్‌పట్టీ ఇవ్వకుండా తెల్ల చీటీ మీద మొత్తం మాత్రమే రాసి ఇస్తే తీసుకోవద్దు. ఆ చీటీతో రేపు ఏ అధికారి దగ్గరికీ పోలేం.

మోసేవాళ్ల నడుము

గోతం గట్టిదైతే ఎక్కువ కుక్కవచ్చని కొందరు అనుకుంటారు. అది సరికాదు. ఒకప్పుడు నూరు కిలోల బస్తాలు మోసి హమాలీల నడుములు వంగిపోయాయి. ఒక మనిషి మోయగల బరువుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన ఒడంబడికను మన దేశం 2010లో ఆమోదించింది. ఆహార ధాన్యాలకు 50 కిలోల గోతమే పద్ధతి అయ్యింది. యూరియా బస్తా కూడా 2018 నుంచి 45 కిలోలకు దిగింది. మరి ఉల్లి, మిరప, పత్తి బోరేల దగ్గర ఈ హద్దు ఎందుకు పాటించం? కూలి గోతానికి ఇంత అని ఇచ్చే చోట గోతం పెద్దది చేయడమంటే హమాలీ కూలి తగ్గించడమే. రైతు, హమాలీ ఒకరి మీద ఒకరు పడకూడదు. యాభై కిలోలు మించి నింపం, గోతానికి రెండు చెవులు వదిలి కుడతాం అని మనమే మొదలు పెడదాం. చెవులుంటే కొక్కెం అవసరం తగ్గుతుంది. మోసేవాడి చేతికి పట్టు దొరుకుతుంది, మన గోతమూ నిలుస్తుంది.

మనం అడగాల్సినవి

మిత్రులారా, ఇందులో మన చేతిలో ఉన్న పనులు కొన్ని, ప్రభుత్వం చేయాల్సినవి కొన్ని.

ఊరిలో పది పదిహేను మంది రైతులు కలిసి బేలు లెక్కన గోనెలు తెప్పించుకుంటే విడిగా కొన్న దానికంటే నాణ్యత చూసి తీసుకోవచ్చు, బేరమాడవచ్చు. ఒక రైతు పంట అమ్మాక ఖాళీ గోతాలు ఇంకొకరికి పనికొస్తాయి. శనగ రబీలో, వేరుశనగ ఖరీఫ్‌లో. అంటే ఒకే గోతం ఏడాదిలో రెండు పంటలకు తిరుగుతుంది. దీనికి ఒక పుస్తకం, ఒక గది, నమ్మకమైన ఒక మనిషి చాలు. మహిళా సంఘాలు పత్తి తీతకు నూలు సంచులు, ఏరే పనికి కాన్వాసు సంచులు కుట్టగలవు. ఆ కుట్టు కూలి మన ఊళ్లోనే ఉంటుంది. పత్తి చేను యజమాని తన చేలో తీతకు వచ్చే కూలీలకు నూలు సంచి తానే ఇవ్వాలి. సంచి ఖర్చు కూలీ మీద వేయడం న్యాయం కాదు. పత్తి శుభ్రంగా ఉంటే లాభపడేది యజమానే.

ప్రభుత్వాన్ని ఈ ఐదు అడుగుదాం.

1. శనగ, కంది, వేరుశనగ సేకరణ కేంద్రం తెరిచే రోజుకే సరిపడా గోతాలు అక్కడ ఉండాలి. ‘గోతాలు రాలేదు’ అని రైతును వెనక్కి పంపితే, ఆ రోజుల్లో పడిన నష్టానికి సేకరణ సంస్థే బాధ్యత వహించాలి.

2. రైతు తన గోతాల్లో సరుకు ఇస్తే దానికి నిర్ణయించిన ధర సరుకు డబ్బుతో పాటే ఖాతాలో పడాలి.

3. ప్రతి యార్డులో గోనెకు ఎంత, ప్లాస్టిక్‌కు ఎంత తీయాలో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. ఖాళీ గోతాలు తూచి చూపాలి.

4. రైతు సేవా కేంద్రాలు, సహకార సంఘాల ద్వారా గోనెలు, టార్పాలిన్లు, మూడు పొరల నిల్వ సంచులు, పత్తి తీత సంచులు సబ్సిడీపై ఇవ్వాలి. కౌలు రైతులను, కూలీలను ఇందులో చేర్చాలి.

5. ఉత్తరాంధ్రలో గోగు సాగుకు, మూతపడిన మిల్లుల పునరుద్ధరణకు ప్రణాళిక వేయాలి. అక్కడి రైతుకు పంట, కార్మికునికి పని, మనకు దగ్గరలో గోతం దొరుకుతాయి.

ఈ డిమాండ్లలో పెద్ద బడ్జెట్ కావాల్సినవి ఒకటి రెండే. తక్కినవాటికి నిజాయితీ చాలు. ఈ నెలలో ప్రతి గ్రామ శాఖ ఒక పని చేయాలని కోరుతున్నాం. మీ ఊరి నుంచి యార్డుకు పోయిన పది మంది రైతుల తక్‌పట్టీలు సేకరించండి. గోతాలు ఎన్ని, రకం ఏది, కోత ఎంత అని ఒక కాగితం మీద వరసగా రాయండి. ఆ కాగితాలన్నీ మండల కమిటీకి చేర్చండి. వాటిని కలిపి మార్కెట్ కమిటీ ముందు పెడదాం. మాట కంటే లెక్కకు బరువెక్కువ. ఆ లెక్క మన గోతాల్లోనే ఉంది.